పెంపుడు చిలుకల అరుపులూ ఆటలూ: అర్థం చేసుకొని దారిలో పెట్టేందుకు సమగ్ర మార్గదర్శి

చిలుకను పెంచుకునేవారు అన్నిటికంటే ఎక్కువగా అడిగే ప్రశ్న "దీని అరుపులు మాన్పించడం ఎలా?" అన్నది. ఆ రూపంలో అడిగితే ఆ ప్రశ్నకు జవాబు లేదు. చిలుక గుంపులో బతికే పక్షి, కంటికి కనబడని తోటి పక్షితో సంబంధం తెగిపోకుండా చూసుకోవడానికి దానికి ఉన్న ముఖ్య సాధనం గొంతు. అరవని చిలుకను తయారుచేయడం సాధ్యం కాదు, అందుకు ప్రయత్నించడం పక్షికి మేలూ చేయదు. అయితే ఏ ధ్వని దేనికోసం వస్తున్నదో తెలుసుకోవడం, జవాబు కోరే ధ్వనికి వెంటనే జవాబివ్వడం, అలవాటుగా ముదిరిన కేకను మరో ధ్వని వైపు మళ్లించడం, మిగిలిన ఉత్సాహానికి ఆటలో పని కల్పించడం ఓపిక ఉన్న ఎవరికైనా సాధ్యమే.

ఈ మార్గదర్శి ఆ వరుసలోనే సాగుతుంది. దయచేసి వరుస మార్చకండి. చాలామంది నేరుగా ఏడో మెట్టుతో మొదలుపెట్టి, ఫలితం రాక విసిగిపోతారు. వారు దాటేసినది సాధారణంగా రెండో మెట్టు, అంటే రాసిపెట్టుకోవడం.

1. మొదలుపెట్టే ముందు సిద్ధం చేసుకోవలసినవి

మొదటి పని పక్షి ఆరోగ్యంగా ఉన్నదని నిర్ధారించుకోవడం. చిలుకలు జబ్బును దాచుకుంటాయి. గుంపులో నలతగా కనిపించిన పక్షే వేటాడే జంతువు కంట ముందుగా పడుతుంది కనుక ఈ దాపరికం వాటి స్వభావంలోనే ఉంది. ఒంట్లో బాగాలేక అరిచే పక్షికి అలవాట్లు నేర్పబోవడం అన్యాయం. గడిచిన ఏడాదిలో పక్షుల వైద్యం తెలిసిన పశువైద్యునికి చూపించి ఉండకపోతే, ముందు ఆ పని పూర్తిచేయండి.

తరువాత వీటిని సమకూర్చుకోండి.

- ఒక చిన్న నోటు పుస్తకం, దానికి దారంతో కట్టిన కలం. ఇవి పంజరం ఉన్న గదిలోనే, చేతికి అందేలా ఉండాలి.
- గ్రాముల్లో తూచే చిన్న త్రాసు.
- ధ్వనిని, వీడియోను రికార్డు చేయగల ఫోన్.
- రోజువారీ మేతలో పెట్టకుండా విడిగా దాచి ఉంచిన తాయిలం.
- ఇంట్లో అందరి ఒప్పందం.

తూకం ప్రతి ఉదయం మేత పెట్టకముందు, తొలి రెట్ట వేసిన తరువాత తీయాలి. మామూలు బడ్జీ (బడ్జరిగర్ అనే చిన్న చిలుక) 30 నుంచి 40 గ్రాముల బరువు ఉంటుంది కనుక 3 లేదా 4 గ్రాములు తగ్గడమంటే ఒంట్లో పదోవంతు పోయినట్టు. ఈకల కింద ఆ తరుగుదల కంటికి కనిపించదు, త్రాసు మాత్రమే చెబుతుంది.

తాయిలాన్ని మీరు ఎంచుకోవద్దు, పక్షినే ఎంచుకోనివ్వండి. దానికి ఇష్టమైన అయిదారు రకాలను ఒకే గిన్నెలో కొద్దికొద్దిగా వేసి, మొదట దేనిని ఏరుకుంటుందో మూడు రోజులపాటు చూడండి. చాలా చిలుకలు పొద్దుతిరుగుడు గింజనో, బాదం ముక్కనో ముందు అందుకుంటాయి. ఆ పదార్థాన్ని ఆ రోజు నుంచి గిన్నెలో వేయడం మానివేసి, నేర్పే సమయంలో మాత్రమే, గోరంత ముక్కగా ఇవ్వాలి.

ఇక ఒప్పందం సంగతి. నలుగురున్న ఇంట్లో ముగ్గురు పద్ధతిగా ఉండి, నాలుగో మనిషి మాత్రం చిలుక కేక వేసిన ప్రతిసారీ పరుగున వెళ్లి బుజ్జగిస్తుంటే, ఎంత కాలం గడిచినా మార్పు రాదు. పిల్లలతో సహా అందరినీ కూర్చోబెట్టి, ఏ ధ్వనికి జవాబివ్వాలో, దేనికి ఇవ్వకూడదో ముందుగానే మాట్లాడుకోండి.

2. ఏడు రోజులు రాసిపెట్టండి, ఏమీ మార్చవద్దు

ఈ వారం రోజులూ మీ పని గమనించడం మాత్రమే. గట్టి ధ్వని వచ్చిన ప్రతిసారీ నాలుగు సంగతులు రాయండి: సమయం, ఆ ధ్వనికి ముందు ఏమి జరిగింది, ధ్వని ఎలా ఉంది, ఆ తరువాత ఇంట్లోవారు ఏమి చేశారు. నాలుగో గడిలో నిజం రాయడమే కష్టం, ఎందుకంటే అక్కడ కనిపించేది మన ప్రవర్తన.

మా ఇంటి కాకటీల్ (తల మీద జుట్టు ఉండే ఒక రకం చిలుక) విషయంలో నేను రాసుకున్న మూడు రోజుల పంక్తులు ఇలా ఉన్నాయి.

- ఉదయం 7.40. ముందు: నేను బయటికి బయలుదేరాను. ధ్వని: పొడవైన ఒంటి కేక, ఆరుసార్లు. తరువాత: వెనక్కి వచ్చి "ఇప్పుడే వస్తా" అని చెప్పాను.
- ఉదయం 7.42. ముందు: బయలుదేరాను. ధ్వని: అదే కేక, పదిసార్లకు పైగా. తరువాత: వెనక్కి వచ్చి తల నిమిరాను.
- ఉదయం 7.35. ముందు: తాళంచెవుల గుత్తి తీశాను, ఇంకా గుమ్మం దాటలేదు. ధ్వని: అదే కేక. తరువాత: గింజ ఇచ్చాను.

నేను వెళ్లిపోవడం వల్ల అరుస్తున్నదని అప్పటిదాకా అనుకున్నాను. మూడో పంక్తి రాస్తుండగా తెలిసింది, కేక తాళంచెవుల గలగలకే మొదలవుతున్నది. పైగా రోజురోజుకూ నేను పెద్ద బహుమానం ఇచ్చి ఆ కేకను పెంచుతున్నాను. ఈ సంగతి పుస్తకం లేకుండా నాకు ఎన్నటికీ తట్టేది కాదు.

వారం చివర పుస్తకం ముందు పెట్టుకొని, ఒకే సమయంలో వచ్చినవి ఏవి, ఒకే సంఘటన తరువాత వచ్చినవి ఏవి, మన స్పందన ఒకేలా ఉన్నవి ఏవి అని మూడు రంగులతో గుర్తులు పెట్టండి. తరువాతి మెట్లన్నీ ఈ గుర్తుల ఆధారంగానే నడుస్తాయి.

3. ధ్వనులను వేరుచేసి గుర్తుపట్టండి

ఒకే చిలుక గొంతులో పలు రకాల ధ్వనులు ఉంటాయి, వాటన్నిటినీ కలిపి "గోల" అనడం వల్లనే చికిత్స తప్పుతుంది.

*ఉదయ సాయంకాలాల గుంపు అరుపు.* సూర్యోదయ వేళలో, మళ్లీ పొద్దువాలే వేళలో చిలుకలు కొంతసేపు గట్టిగా అరుస్తాయి. గుంపు నిద్రలేవడం, గూటికి చేరడం ఈ అరుపులతోనే జరుగుతాయి. ఇది పుట్టుకతో వచ్చిన అలవాటు, దీనిని మాన్పించాలని చూడకండి. ఆ సమయాన్ని స్నానానికో, ఆటకో కేటాయించి, దాని తీవ్రతను పంచుకోవడం మేలు.

*పిలుపు.* మీరు పక్క గదిలోకి వెళ్లగానే వచ్చే, ఒకే తీరున ఉండే, జవాబు కోసం మధ్యలో ఆగే ధ్వని ఇది. "ఎక్కడున్నావు?" అని దాని అర్థం. వెనిజులాలో చిన్న ఆకుపచ్చ చిలుకల గూళ్లపై జరిపిన పరిశోధన 2011లో వెలువడింది. అందులో తల్లిదండ్రులు పిల్లలకు ఒక్కొక్కదానికి ప్రత్యేకమైన పిలుపును అలవాటు చేస్తున్నట్టు, పిల్లలు ఆ పిలుపును నేర్చుకుంటున్నట్టు తేలింది. అంటే చిలుకకు పిలుపు పేరులాంటిది. పేరు పెట్టి పిలిచినప్పుడు పలకకపోతే ఎవరైనా గొంతు పెంచుతారు, చిలుక కూడా అదే చేస్తుంది. ఇళ్లలో వినిపించే భరించలేని కేకల్లో చాలా భాగం మొదట ఇలా జవాబు దొరకని పిలుపులే.

*ఆట ధ్వనులు.* గొణుగుడు, ఈలలు, కిచకిచలు, ఇంట్లో విన్న మాటల తునకలు, గంట చప్పుడు, కుళాయి చుక్కల చప్పుడు కలగలిసి వస్తాయి. పక్షి ఒంటరిగా ఉన్నప్పుడు కూడా ఇవి వినిపిస్తాయి. న్యూజిలాండ్ కొండల్లో ఉండే కియా చిలుకల ఆట కూతను రికార్డు చేసి అడవిలోని ఇతర కియాలకు వినిపించినప్పుడు, అవి అప్పటికప్పుడే ఆటకు దిగాయని 2017లో ప్రచురితమైన అధ్యయనం తెలిపింది. ఆట ధ్వని ఉత్సాహాన్ని అంటిస్తుందన్నమాట. అందుకే మీరు నవ్వుతూ మాట్లాడే కొద్దీ మీ చిలుక మరింత రెచ్చిపోతుంది, ఇందులో కంగారు పడవలసినది లేదు.

*హెచ్చరిక.* ఒక్కసారిగా పుట్టే, చెవులు చిల్లులు పడేంత కర్కశమైన కేక ఇది. దీనితోపాటు ఒళ్లు బిగుసుకొని, ఈకలు శరీరానికి అతుక్కొని, పక్షి సన్నగా నిటారుగా కనిపిస్తుంది. కిటికీ బయట గద్ద, నేల మీద పాములా పడి ఉన్న తాడు, కొత్త టోపీ, ఏదైనా కారణం కావచ్చు. ఈ కేకను ఎన్నడూ పట్టించుకోకుండా వదలకండి. పక్షి చూస్తున్న వైపు మీరూ చూసి, నెమ్మదిగా మాట్లాడి, భయపెట్టిన వస్తువును తొలగించండి.

*అలవాటు కేక.* తెరలు తెరలుగా, మీ వైపు చూస్తూ, మీరు కదలగానే ఆగిపోయే కేక ఇది. మన స్పందన వల్ల నేర్చుకున్న కేక ఇదే, ఏడో మెట్టు దీనికోసమే.

*పడుకునే ముందు ముక్కు నూరే చప్పుడు.* గరగరమని వినిపించే ఈ ధ్వని పక్షి నిశ్చింతగా ఉన్నదనడానికి గుర్తు. చిలుకలను కొత్తగా పెంచేవారు దీనిని జబ్బుగా పొరబడుతుంటారు.

4. చెవితో పాటు కన్ను కూడా వాడండి

ధ్వని ఒక్కదానినే నమ్మితే ఆటకూ కోపానికీ తేడా తెలియదు, ఎందుకంటే రెండింటిలోనూ గొంతు పెరుగుతుంది. కన్ను, మెడ ఈకలు, తోక, నిలబడిన తీరు ఈ నాలుగింటినీ కలిపి చదవాలి.

కనుపాప చకచకా చిన్నదవుతూ పెద్దదవుతూ ఉంటే పక్షి ఉద్రేకంలో ఉన్నదని అర్థం. ఆ ఉద్రేకం సంతోషమో కోపమో కన్ను చెప్పదు. దానితోపాటు మెడ వెనుక ఈకలు లేచి, తోక విసనకర్రలా విచ్చుకొని ఉంటే చేయి వెనక్కి తీసుకోండి, ముఖ్యంగా అమెజాన్ అని పిలిచే రకం చిలుకల విషయంలో. అదే కనుపాప కదలికతో పాటు ఒళ్లు వదులుగా ఉండి, తల పైకీ కిందికీ ఊగుతూ, మధ్యమధ్య ఈల వినిపిస్తే అది ఆట.

కాకటీల్ తల మీది జుట్టు చాలా స్పష్టంగా మాట్లాడుతుంది. నిటారుగా లేస్తే ఉలికిపాటు లేదా ఆసక్తి, కాస్త వెనక్కి వాలి వదులుగా ఉంటే ప్రశాంతత, తలకు అతుక్కుపోయి నోటి నుంచి బుస కూడా వస్తే కోపం.

తలకిందులుగా వేలాడడం, వస్తువును కాలితో పట్టుకొని గుండ్రంగా తిప్పడం, తాడుతో కుస్తీ పట్టడం, బల్ల అంచు నుంచి వస్తువులను కింద పడేయడం, ఇవన్నీ ఆటలు. పడేసే ఆటను ఒకసారి దగ్గరగా చూడండి. మా పక్షి సీసా మూతను అంచుదాకా ముక్కుతో తోస్తుంది, అది పడగానే మెడ పక్కకు వంచి ఒంటికన్నుతో నేలను చూస్తుంది, మూత దొర్లడం ఆగేదాకా కదలదు, ఆగిన తరువాత నా ముఖం వైపు చూసి రెండు స్వరాల ఈల వేస్తుంది. కళ్లు తలకు ఇరుపక్కలా ఉన్నందున కిందికి సూటిగా చూడాలంటే అది మెడ వంచక తప్పదు. ఆ వంపులో మొండితనం ఏమీ లేదు, వస్తువు ఏమయిందో తెలుసుకోవాలన్న శ్రద్ధ ఉంది.

5. రోజు క్రమాన్ని సరిచేయండి

శిక్షణ అవసరం లేకుండానే చాలా ఇళ్లలో సగం సమస్య ఈ మెట్టు దగ్గర తగ్గిపోతుంది.

మొదటిది నిద్ర. చిలుకకు చీకటిగా, నిశ్శబ్దంగా ఉన్న చోట 10 నుంచి 12 గంటల నిద్ర కావాలి. రాత్రి పొద్దుపోయేదాకా టీవీ వెలుగుతున్న గదిలో పంజరం ఉంచి, పగలంతా చిలుక చిరాకుగా ఉన్నదని అనడం సరికాదు. వీలైతే పడుకోవడానికి వేరే గదిలో చిన్న పంజరం ఏర్పాటు చేయండి. కాకటీల్‌లు చీకట్లో ఉలిక్కిపడి పంజరంలో కొట్టుకునే అవకాశం ఉంది కనుక వాటి గదిలో మసక దీపం ఉంచడం మంచిది.

రెండవది పంజరం చోటు. ఒక వైపు గోడ ఆనుకొని, మనుషుల రాకపోకలు కనిపించే చోట ఉండాలి. నాలుగు వైపులా తెరిచి ఉన్న చోట పక్షి నిరంతరం కాపలా కాస్తూనే ఉంటుంది.

మూడవది పని. అడవిలో చిలుక మేత వెతకడానికే పగటిలో ఎన్నో గంటలు వెచ్చిస్తుంది, ఇంట్లో ఆ పని గిన్నె దగ్గర పది నిమిషాల్లో ముగుస్తుంది. మిగిలిన గంటలన్నీ గొంతులోంచి బయటికి వస్తాయి. దీనికి పరిష్కారం ఎనిమిదో మెట్టులో ఉంది.

6. పిలుపుకు జవాబు నేర్పండి

1. పక్షి ఇప్పటికే చేసే ధ్వనుల్లో వినడానికి హాయిగా ఉన్నదాన్ని ఒకటి ఎంచుకోండి. రెండు స్వరాల ఈల బాగా పనిచేస్తుంది, ఎందుకంటే అది పక్క గదిలోకి వినిపిస్తుంది, ఇంట్లో అందరూ ఒకేలా వేయగలరు.

2. పక్షి ఎదురుగా ఉన్నప్పుడే ఆ ఈల వేయండి. అది ఏ చిన్న ధ్వనితో బదులిచ్చినా వెంటనే తాయిలం ఇవ్వండి. "వెంటనే" అంటే ఒకటి రెండు క్షణాల్లో. ఆలస్యమైతే పక్షి ఆ మధ్యలో చేసిన మరో పనికి బహుమానం అందినట్టవుతుంది.

3. రెండు మూడు రోజుల తరువాత ఈల వేసి, ఒక అడుగు గుమ్మం దాటి, వెనక్కి రండి. కేక పుట్టకముందే తిరిగి రావడం ఇక్కడ కీలకం.

4. కనబడకుండా ఉండే సమయాన్ని 5 క్షణాలు, 10 క్షణాలు, అర నిమిషం, నిమిషం అంటూ పెంచండి. మధ్యమధ్య తక్కువ సమయానికి దిగండి. ప్రతిసారీ కష్టమే ఎదురైతే పక్షి ఆశ వదులుకుంటుంది.

5. పక్షి తానుగా ఈల వేసిన ప్రతిసారీ, ఎంత పనిలో ఉన్నా, అదే ఈలతో పలకండి. తొలి మూడు నాలుగు వారాలు ఒక్క పిలుపును కూడా వదలవద్దు.

నేను తాళంచెవుల గుత్తి సమస్యను ఈ విధంగానే సరిచేశాను. బయటికి వెళ్లని వేళల్లో కూడా రోజుకు పదిసార్లు ఆ గుత్తిని తీసి, ఈల వేసి, తాయిలం ఇచ్చి, మళ్లీ కూర్చునేవాణ్ని. గలగల చప్పుడుకు వీడ్కోలు అన్న అర్థం పోవడానికి పద్దెనిమిది రోజులు పట్టింది.

7. అలవాటు కేకను తగ్గించండి

ఆరో మెట్టు గట్టిపడిన తరువాతే దీనికి రండి. పక్షికి అడిగే మంచి మార్గం ఒకటి అందుబాటులో లేకుండా పాత మార్గాన్ని మూసేస్తే, అది ఈకలు పీక్కోవడం వంటి మరింత చేటు కలిగించే అలవాటుకు మళ్లవచ్చు.

1. పుస్తకంలోని గుర్తులను బట్టి కేక వచ్చే సమయానికి పది నిమిషాలు ముందే పక్షికి పని ఇవ్వండి.

2. కేక మొదలైతే చూడవద్దు, మాట్లాడవద్దు, గదిలోంచి విసురుగా వెళ్లిపోవద్దు. మీ ముఖంలో చిరాకు కనిపించినా పక్షికి అది స్పందనే.

3. ఆగిన తరువాత 3 క్షణాల నిశ్శబ్దానికో, చిన్న కిచకిచకో వెంటనే పలకండి. మెల్లగా ఆ నిశ్శబ్దాన్ని 5, 10, 20 క్షణాలకు పెంచండి.

4. పక్షి హాయిగా గొణుక్కుంటున్న వేళల్లో, అడగకుండానే వెళ్లి పలకరించండి. మెట్లన్నిటిలో ఇదే అత్యంత ముఖ్యమని నా అభిప్రాయం. చిలుక మంచిగా ఉన్నప్పుడు "అమ్మయ్య, ఊరుకుంది" అనుకొని మనం దూరంగా ఉంటాము, అరిచినప్పుడు దగ్గరికి వెళతాము. పక్షి నేర్చుకునేది సరిగ్గా ఆ పాఠాన్నే.

కేకకు జవాబు ఆగిపోయిన తొలి రోజుల్లో అరుపులు తగ్గకపోగా పెరుగుతాయి. ఇంతకాలం తెరుచుకున్న తలుపు ఇప్పుడు తెరుచుకోకపోతే గట్టిగా తట్టడం సహజం. ఆ దశలో ఒక్కసారి లొంగిపోయినా, "ఇంకా గట్టిగా అరిస్తే వస్తారు" అని నేర్పినట్టవుతుంది. అప్పుడప్పుడు మాత్రమే దొరికే బహుమానం వల్ల ఏర్పడిన అలవాటు, ప్రతిసారీ దొరికే బహుమానం వల్ల ఏర్పడిన దానికంటే వదిలించడానికి కష్టం. ఇరుగుపొరుగు వారికి ముందుగానే చెప్పి, ఇంట్లో అందరూ నిలకడగా ఉండగల రెండు వారాలు చూసుకొని మొదలుపెట్టండి.

8. ఆటను పనిగా మార్చండి

మేత దాచే ఆటను ఇలా మెట్టుమెట్టుగా నేర్పాలి.

1. గిన్నెలోని మేతపై తెల్ల కాగితం ముక్క పరచండి. మేత సగం కనిపించాలి.
2. మరునాడు కాగితం పూర్తిగా కప్పండి.
3. తరువాత గింజలను కాగితంలో వదులుగా చుట్టి, పక్షి చూస్తుండగానే గిన్నెలో పెట్టండి.
4. ఆ పొట్లాలను పంజరంలో వేర్వేరు చోట్ల వేలాడదీయండి.
5. చివరకు చిన్న అట్టపెట్టెలో పొట్లాలు పెట్టి, పెట్టెకు వేలు పట్టే రంధ్రం చేసి ఇవ్వండి.

ఏ మెట్టు దగ్గరైనా పక్షి మేత వదిలేస్తే ఒక మెట్టు దిగండి. ఆకలితో మాడ్చి నేర్పకూడదు. కొత్తలో మొత్తం మేతలో నాలుగోవంతు మాత్రమే దాచి, ఉదయపు తూకం నిలకడగా ఉన్నంతవరకు పెంచుకుంటూ వెళ్లండి.

ఆటవస్తువులు కొరికేవి, చప్పుడు చేసేవి, కాలితో పట్టుకునేవి అని మూడు తరహాల్లో ఉండాలి. ఒకేసారి నాలుగైదుకు మించి పెట్టకుండా, వారానికి ఒకటి రెండు మార్చండి. కొత్త వస్తువును చూసి బెదిరే పక్షి ఉంటే, దానిని తొలుత గది మూలలో పెట్టి, మీరు చేత్తో ఆడుతూ కనిపించి, రోజుకు కాస్త చొప్పున దగ్గరికి జరపండి.

వస్తువు ఇచ్చే ముందు పరీక్షించండి.

- రంగు, వార్నిష్ పూయని చెక్కేనా?
- జింక్ పూత గాని, సీసం గాని ఉన్న లోహం లేదు కదా? ఈ రెండూ చిలుకకు విషం.
- పోగులు ఊడిన తాడు కాలికి, మెడకు చుట్టుకునేలా లేదు కదా?
- వేలు, ముక్కు ఇరుక్కునే సన్నని సందులు, గొలుసు కొక్కేలు లేవు కదా?
- మింగగలిగిన చిన్న ముక్కలు ఊడి రావు కదా?

9. ఆట కాటుగా మారితే

చిలుక ముక్కు దానికి మూడో కాలు వంటిది. కొమ్మ ఎక్కే ముందు ముక్కుతో నొక్కి చూస్తుంది, మీ చేతిని కూడా అలాగే పరీక్షిస్తుంది. అప్పుడు చేయి విదిలిస్తే కొమ్మ గట్టిది కాదని నమ్మి, మరుసటిసారి గట్టిగా పట్టుకుంటుంది. చేయి కదలకుండా ఉంచి, నొక్కు తేలికగా ఉన్నంతసేపు మెల్లగా మాట్లాడండి. నొక్కు పెరిగిన క్షణంలో మాట ఆపి, పక్షిని దగ్గరి కర్రపైకి ఎక్కించి, 10 క్షణాలు ఊరుకోండి. ఆ తరువాత ఆటను చేతి బదులు ఆటవస్తువుతో కొనసాగించండి.

ముక్కుపై కొట్టడం, పట్టుకొని నొక్కడం ఏ పరిస్థితిలోనూ చేయకూడదు.

10. తరచూ జరిగే పొరపాట్లు, వాటి సవరణలు

*"ఊరుకో!" అని గట్టిగా కసరడం.* పక్షి దృష్టిలో గుంపు మొత్తం తనతో కలిసి అరుస్తున్నట్టే. సవరణ: గొంతు తగ్గించి, గుసగుసగా మాట్లాడండి. చాలా చిలుకలు వినడానికి ఆగుతాయి.

*పగలు పంజరంపై దుప్పటి కప్పడం.* శబ్దం ఆగుతుంది గాని, పక్షి నేర్చుకునేది ఏమీ లేదు, వెలుతురు గంటలు తారుమారై నిద్ర చెడుతుంది. కప్పడం రాత్రికి మాత్రమే పరిమితం చేయండి.

*నీళ్లు చిమ్మి శిక్షించడం.* స్నానమంటేనే భయం పట్టుకుంటుంది. నీటి తుంపర ఎప్పుడూ సరదాగానే ఉండాలి.

*గోల చేస్తోందని భుజంపై ఎక్కించుకొని వంటగదిలోకి తీసుకువెళ్లడం.* అతుక్కోని పూత ఉన్న పెనం మితిమీరి వేడెక్కితే వెలువడే పొగ చిలుకను నిమిషాల్లో చంపగలదు. వేడి నూనె, మంట సంగతి సరేసరి. సవరణ: వంట వేళకు మేత పొట్లాలు సిద్ధంగా ఉంచండి.

*తోడు కోసం రెండో చిలుకను వెంటనే తేవడం.* రెండూ పొసగకపోవచ్చు, రెండు గొంతులు కలిస్తే గోల పెరగవచ్చు. నిజంగా తోడు అవసరమనుకుంటే, కొత్త పక్షిని కనీసం 30 రోజులు వేరే గదిలో ఉంచి, వైద్య పరీక్ష చేయించిన తరువాతే పరిచయం చేయండి.

*ఒంటరి బడ్జీకి అద్దం ఇవ్వడం.* ప్రతిబింబాన్ని జతగా భావించి దానికి మేత కక్కి పెడుతూ, మనుషులను దగ్గరికి రానివ్వదు. అద్దాన్ని నాలుగైదు రోజుల్లో క్రమంగా తొలగించి, ఆ చోట కొరికే వస్తువు పెట్టండి.

11. జత కట్టే కాలంలో మారే స్వభావం

యుక్తవయసుకు వచ్చిన పక్షి ఏడాదిలో కొన్ని వారాలపాటు బిగ్గరగా అరవడం, చీకటి మూలలు వెతకడం, మేత కక్కి మీకు పెట్టబోవడం, పంజరం దగ్గరికి వచ్చినవారిని పొడవడం సహజం. అప్పుడు కొత్త పాఠాలు పెట్టుకోకండి. నిద్ర 12 గంటలకు తగ్గకుండా చూడండి, పెట్టెలు, గుహలాంటి గుడారాలు తీసివేయండి, వీపుపైన, రెక్కల కింద నిమరడం మానండి. తల, మెడ వరకే చేయి పెట్టడం ఏ కాలంలోనైనా క్షేమం. ఆడ పక్షి తోడు లేకుండానే గుడ్లు పెట్టగలదు. ఈ దశలో అది పంజరం అడుగున కూర్చొని ముక్కుతూ కనిపిస్తే ఆలస్యం చేయకుండా వైద్యుని వద్దకు తీసుకువెళ్లాలి.

12. ధ్వని మారినప్పుడు వైద్యుని సంప్రదించవలసిన సందర్భాలు

అరుపుల గురించి ఇంతసేపు మాట్లాడుకున్నా, నన్ను నిజంగా భయపెట్టేది అరిచే చిలుక అకస్మాత్తుగా మౌనంగా మారడమే. కింది వాటిలో ఒక్కటి కనిపించినా ఆ రోజే చూపించండి.

- రోజూ అరిచే పక్షి కారణం లేకుండా మౌనం వహించడం.
- గొంతు బొంగురుపోవడం, ఈల సగంలో తెగిపోవడం. పక్షి స్వరపేటిక శ్వాసనాళం రెండుగా చీలే చోట, ఛాతీ లోపల ఉంటుంది, అక్కడ ఫంగస్ చేరితే తొలి గుర్తు గొంతు మార్పే కావచ్చు.
- ఊపిరి తీసిన ప్రతిసారీ తోక పైకీ కిందికీ ఊగడం, నోరు తెరిచి శ్వాసించడం.
- పగటి పూట ఈకలు ఉబ్బించుకొని, ఆటకు లేవకుండా కూర్చోవడం.
- తూకంలో పదోవంతు తగ్గడం, లేదా రెట్ట రంగు, పలుచదనం రెండు పూటలకు మించి మారి ఉండడం.

శ్వాస ఆడని పక్షి విషయంలో "ఆ రోజే" అన్న గడువు కూడా ఎక్కువ, వెంటనే బయలుదేరండి.

వెళ్లేటప్పుడు నోటు పుస్తకం, తూకాల పట్టిక, ఆరోగ్యంగా ఉన్నప్పటి గొంతు రికార్డు, ఇప్పటి గొంతు రికార్డు వెంట తీసుకువెళ్లండి. పరీక్ష గదిలో చాలా చిలుకలు బెదిరి నోరు విప్పవు, ఇంటి దగ్గర తీసిన ఒక నిమిషం వీడియో వైద్యునికి ఎంతో ఉపకరిస్తుంది. చిన్న పంజరం అడుగున తెల్ల కాగితం పరిస్తే దారిలో వేసిన రెట్టను కూడా అక్కడే పరిశీలించగలరు. ఆ పంజరంలో ప్రయాణించడం పక్షికి ముందుగానే అలవాటై ఉండాలి, కనుక దానిని నెలకు రెండుసార్లైనా తలుపు తెరిచి ఆట స్థలంలో ఉంచి, లోపల ఒక మేత పొట్లం పెట్టండి.